తవ్వకం పట్టాయే ఓటరు కార్డు!

ఎన్నికలనగానే ముందు గుర్తొచ్చేది ఓటరు జాబితా. అందులో పేరుంటేనే ఓటు. పేరు గల్లంతైతే పోలింగ్ కేంద్రం దాకా వెళ్లి ఉసూరుమంటూ ఇంటికి రావాల్సిందే. అలాంటిది అసలు ఓటరు జాబితానే లేని పార్లమెంటు నియోజకవర్గం ఒకటి ఉండేదంటే నమ్మగలమా? అక్కడ ఓటు వేయడానికి ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా ఉన్నట్టు రుజువులు చూపించక్కర్లేదు. ఏడాదికి ఒక పౌండు కట్టి తీసుకున్న కాగితం జేబులో ఉంటే చాలు. ఆ కాగితమే ఓటరు కార్డు!

న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని ఒటాగోలో 1862లో పుట్టి 1870లో మాయమైపోయిన ఆ నియోజకవర్గం పేరు 'గోల్డ్‌ఫీల్డ్స్'. అంటే బంగారు క్షేత్రాలు. బతికింది ఎనిమిదేళ్లే. ఇద్దరేసి సభ్యుల్ని మాత్రమే పార్లమెంటుకు పంపింది. అయితేనేం... ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్న రోజుల్లో, చెమటోడ్చేవాడికి కూడా ఓటుంటుందని చేసి చూపించింది. ఆ తర్వాత ఆ దేశం ఓటు విషయంలో ప్రపంచానికే దారి చూపిందంటే, అందులో ఈ చిన్న నియోజకవర్గం వాటా కూడా కొంత ఉంది.

యాభై పౌండ్ల మనిషి

న్యూజిలాండ్ బ్రిటన్ ఏలుబడిలోకి వెళ్లింది 1840లో. పన్నెండేళ్ల తర్వాత, 1852లో, లండన్ పార్లమెంటు చేసిన చట్టంతో ఆ వలసకు సొంత పార్లమెంటు వచ్చింది. 1853లో తొలి ఎన్నికలు జరిగాయి. 37 మంది సభ్యులు. 1854 మే నెలలో ఆక్లాండ్‌లో మొదటిసారి సమావేశమయ్యారు.

మరి ఓటెవరికి? ఇరవై ఒక్కేళ్లు నిండిన మగవాళ్లకు. అందులోనూ బ్రిటిష్ ప్రజలై ఉండాలి. అదొక్కటే చాలదు. యాభై పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి. లేదంటే ఏడాదికి పది పౌండ్ల కౌలు కట్టే భూమి. అదీ లేకపోతే పట్నంలో ఏడాదికి పది పౌండ్లు, పల్లెలో ఐదు పౌండ్లు అద్దె పలికే ఇంట్లో కాపురముండాలి. ఇంకో తమాషా ఏమిటంటే, నాలుగు నియోజకవర్గాల్లో ఆస్తులున్నవాడు నాలుగు చోట్లా ఓటు వేయొచ్చు. ఒక్కచోట కూడా లేనివాడికి ఒక్క ఓటూ లేదు.

అప్పటి బ్రిటన్‌తో పోలిస్తే ఇది ఉదారమైన నిబంధనే. భూమి చవకగా దొరికే కొత్త దేశం కాబట్టి వలస వచ్చినవాడు నాలుగేళ్లు కష్టపడితే ఓటరు కాగలడు. కాకపోతే ఈ లెక్కంతా ఒకచోట స్థిరపడి, కంచె వేసుకుని, గొర్రెలు కాచుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసింది. గుడారం భుజాన వేసుకుని వాగు వెంట తిరిగే మనిషి వస్తాడని ఆ చట్టం రాసినవాళ్లు ఊహించలేదు.

వాగులో దొరికిన అదృష్టం

1861 మేలో గాబ్రియెల్ రీడ్ అనే ఆస్ట్రేలియా అన్వేషకుడు ఒటాగోలోని టువాపెకా ప్రాంతంలో ఒక వాగు పక్కన మట్టి తవ్వాడు. కంకరలో బంగారం తళుక్కుమంది. ఆ చోటుకి తర్వాత గాబ్రియెల్స్ గల్లీ అనే పేరు స్థిరపడిపోయింది.

ఒటాగో అప్పటికి ఒక నెమ్మదైన చోటు. 1848లో స్కాట్లండ్ నుంచి వచ్చిన దైవభక్తిపరులు డునెడిన్ పట్నాన్ని కట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. మొత్తం ప్రాంతంలో కలిపి 13 వేల మంది కూడా లేరు. బంగారం కబురు సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు చేరడమే ఆలస్యం... ఓడలకు ఓడలు దిగడం మొదలుపెట్టాయి. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి టువాపెకా చుట్టుపక్కలే సుమారు 14 వేల మంది తవ్వుతున్నారు. ఒటాగో జనాభా 30 వేలు దాటిపోయింది.

1862 ఆగస్టులో మరో దెబ్బ. హార్ట్‌లీ, రైలీ అనే ఇద్దరు మిత్రులు డునెడిన్‌లోని ఖజానా కార్యాలయానికి వచ్చి 87 పౌన్ల బరువున్న బంగారాన్ని బల్ల మీద పెట్టారు. మన లెక్కలో దాదాపు మూడు మణుగులు. క్లూథా నది కొండలోయలో ఒక్క చలికాలంలో తీసిన బంగారమది. ఎక్కడ దొరికిందో చెబితే రెండు వేల పౌండ్ల బహుమతి ఇస్తామన్నారు. చెప్పారు. జనం మళ్లీ పరుగు! ఆ తర్వాత ఆరో నది, షాటోవర్ నది... ఆరో నదిలో బంగారాన్ని ముందుగా కనిపెట్టినవాళ్లలో జాక్ టేవా అనే మావోరీ కూడా ఉన్నాడు.

మాట వరుసకు బంగారు క్షేత్రాలే గానీ అక్కడి బతుకు ముళ్లబాటే. చెట్టన్నది కనిపించని కొండలు. పొయ్యిలోకి పుల్ల దొరకదు. పిండీ ఉప్పూ బండ్ల మీద రావాలి. 1863 చలికాలంలో వచ్చిన వరదలకీ మంచుకీ చాలామంది కొట్టుకుపోయారు, గడ్డకట్టుకుపోయారు. తెల్లారి లేస్తే మోకాలిలోతు చల్లటి నీళ్లలో నిలబడి రేకు పళ్లెంలో కంకర కడగాలి. దొరికితే బంగారం, దొరక్కపోతే పస్తు.

అంతకుముందే ఓ భారతీయుడు

ఈ కథలో మన దేశపు మనిషి కూడా ఒకడున్నాడు. పేరు ఎడ్వర్డ్ పీటర్స్. బొంబాయి ప్రాంతం నుంచి వెళ్లినవాడు. అక్కడి తెల్లవాళ్లు ఒంటి రంగును బట్టి 'బ్లాక్ పీటర్' అని పిలిచేవారు. 1850ల్లోనే న్యూజిలాండ్ చేరి, పశువుల దొడ్లలో కూలిపని చేస్తూ, టువాపెకా పరిసరాల్లో బంగారం జాడ కనిపెట్టాడు. రీడ్ కన్నా ముందే! ఆ సంగతి చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. రీడ్ చెవిన కూడా పడింది.

రీడ్‌కి వెయ్యి పౌండ్ల బహుమతి వచ్చింది. పీటర్స్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. పాతికేళ్లు గడిచాక, 1885లో, ముసలితనంలో ఇబ్బంది పడుతున్నాడని తెలిసి జనం చందాలు వేసుకుంటే, దానికి జతగా ప్రభుత్వం యాభై పౌండ్లు ఇచ్చింది. అంతే. 2009లో ఆయన బంగారం కనిపెట్టిన ప్రాంతంలో ఒక స్మారకం వెలిసింది. దాన్ని ఆవిష్కరించింది అప్పటి గవర్నర్ జనరల్ ఆనంద్ సత్యానంద్. ఆయన పూర్వీకులు భారతదేశం నుంచి ఫిజీ వెళ్లినవాళ్లు. లెక్క సరిపోయిందనలేం గానీ, ఆలస్యంగానైనా ఒకరు గుర్తుచేసుకున్నారు.

రక్తం చిందిన చోట పుట్టిన కాగితం

మళ్లీ ఓటు దగ్గరికొద్దాం. ఒక పౌండు కాగితానికీ ఓటుకీ ముడి ఎలా పడింది? ఆ సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి, సముద్రం అవతల ఉన్న విక్టోరియాకు వెళ్లాలి.

1851లో అక్కడ బంగారం బయటపడింది. తవ్వుకునేవాడు నెలకు ముప్పై షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలన్నారు. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. లైసెన్సు ఉందా లేదా అని పోలీసులు వేటకుక్కల్లా వెంటపడేవారు. పన్ను కడుతున్నాం, మరి ఓటేదని తవ్వకందారులు అడిగారు. ఎవరూ పట్టించుకోలేదు. బల్లారట్ దగ్గర యురేకా అనే చోట లైసెన్సులు తగలబెట్టి, దుంగలతో కోటలాంటిది కట్టుకుని కూర్చున్నారు. 1854 డిసెంబరు 3 తెల్లవారుజామున సైనికులు దాని మీద పడ్డారు. తవ్వకందారులు కనీసం 22 మంది చనిపోయారు. సైనికులు కొందరు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తిరుగుబాటు అణిగిపోయింది. కానీ ప్రభుత్వం భయపడింది. మరుసటి ఏడాదే లైసెన్సు తీసేసి 'మైనర్స్ రైట్' అనే కొత్త పట్టా తెచ్చింది. నెలకు ముప్పై షిల్లింగులు పోయి ఏడాదికి ఒక పౌండయింది. దాంతోపాటు ఓటు కూడా! యురేకాలో ముందుండి నడిపించి, ఆ పోరులో ఒక చేయి పోగొట్టుకున్న పీటర్ లాలర్ 1855లో శాసనమండలిలో అడుగుపెట్టాడు.

న్యూజిలాండ్ పాలకులు ఈ పాఠాన్ని పక్కింటివాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. ఇంకా బంగారం జాతర మొదలవకముందే, 1860లో, గని పట్టా ఉన్నవాళ్లకు ఓటిచ్చే చట్టం ఒకటి చేసి పెట్టుకున్నారు. 1861 తర్వాత ఒటాగోలో దిగినవాళ్లలో చాలామంది విక్టోరియా నుంచి వచ్చినవాళ్లే. యురేకా సంగతి తెలియనివాడు వాళ్లలో లేడు. పైగా బయటికి పంపే ప్రతి ఔన్సు బంగారం మీదా రెండున్నర షిల్లింగుల సుంకం. ఖజానా నింపేది తామే, ఖజానా ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే నోరు మాత్రం తమకు లేదు. ఈ మాట మళ్లీ గుడారాల్లో వినిపించకముందే పాలకులు మేలుకున్నారు.

దుప్పటి మీద దుప్పటి

1862లో ఎన్నికల చట్టాన్ని సవరించి 'గోల్డ్‌ఫీల్డ్స్' నియోజకవర్గాన్ని సృష్టించారు. అప్పటికి 57కి పెరిగిన సభలో దానికి రెండు స్థానాలు. ఇది మిగతా నియోజకవర్గాల్లాగా పటంలో గీత గీసి విడదీసిన ముక్క కాదు. అప్పటికే ఉన్న నియోజకవర్గాల మీద పరిచిన దుప్పటి. కింద ఆస్తి ఉన్న రైతూ గొర్రెల దొరా తమ సభ్యుడిని తాము ఎన్నుకుంటారు. అదే నేల మీద గుడారం వేసుకున్న తవ్వకందారు తన సభ్యుడిని వేరుగా ఎన్నుకుంటాడు.

ఇది అర్థం కావాలంటే మన శాసనమండలి ఎన్నికలు గుర్తుచేసుకుంటే చాలు. ఒక డిగ్రీ చదివిన మనిషి తన ఊరి ఎమ్మెల్యేకి ఓటు వేస్తాడు. మళ్లీ మూడు నాలుగు జిల్లాలు కలిపిన పట్టభద్రుల నియోజకవర్గంలో ఎమ్మెల్సీకి కూడా ఓటు వేస్తాడు. నేల ఒకటే, నియోజకవర్గాలు రెండు. అక్కడ డిగ్రీ పట్టా, ఒటాగోలో గని పట్టా... తేడా అంతే.

అయితే పట్టభద్రుల ఓటుకైనా ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. ఒటాగోలో అదీ లేదు. ఈ వారం ఈ వాగు దగ్గర ఉన్నవాడు వచ్చే వారం ఎక్కడుంటాడో వాడికే తెలియదు. జాబితా తయారు చేసి, అచ్చు వేసి, అభ్యంతరాలు విని, సవరించేలోగా ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిపోతాయి. అందుకే జాబితా జోలికే పోలేదు. పట్టా తీసుకుని నిర్ణీత కాలం అయినవాడు పోలింగు రోజున దాన్ని చూపించి ఓటు వేసి వెళ్లొచ్చు.

ఓటు వేయడమంటే ఇప్పటిలా తెర చాటుకు వెళ్లడం అనుకునేరు. రహస్య ఓటు అప్పటికి ఆ దేశంలో లేదు. ముందు నామినేషన్ల రోజున అందరూ ఒకచోట గుమిగూడేవారు. అభ్యర్థులు వేదికెక్కి మాట్లాడేవారు. జనం ప్రశ్నలేసేవారు, ఈలలేసేవారు. చేతులెత్తించి లెక్క చూసేవారు. దానికి ఒప్పుకోనివాడు పోలింగు కోరొచ్చు. పోలింగు రోజున ఓటరు అధికారి ముందు నిలబడి తన అభ్యర్థి పేరు పైకి చెప్పాలి. అధికారి రాసుకుంటాడు. పక్కనున్నవాళ్లందరూ వింటారు. దుకాణంలో అప్పున్నవాడికీ, యజమాని దగ్గర పనిచేసేవాడికీ ఇది ఇరకాటమే.

1863లో జార్జ్ బ్రాడీ, విలియం బాల్డ్విన్ ఈ స్థానం తొలి సభ్యులయ్యారు. ఒటాగో నుంచి పార్లమెంటుకు వెళ్లడమే పెద్ద ప్రయాణం. ఉత్తర దీవికి రోజుల తరబడి ఓడలో పోవాలి. రాజధాని ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్‌కు మారింది 1865లో. ఆ దూరం కొంత తగ్గించడం కూడా ఆ మార్పుకు ఒక కారణం.

ఊళ్లకొక సీటు

మూడేళ్లు తిరిగేసరికి ఇంకో చిక్కు వచ్చింది. గుడారాలున్న చోట దుకాణాలు వెలిశాయి. బేకరీ, కమ్మరి కొలిమి, హోటలు, బ్యాంకు, పత్రికాఫీసు... చిన్న చిన్న పట్నాలయ్యాయి. అక్కడి దుకాణదారు బంగారం తవ్వడు. ఆయన సమస్యలు వేరు. దాంతో 1866 ఎన్నికల నాటికి 'గోల్డ్‌ఫీల్డ్స్ టౌన్స్' అనే మరో నియోజకవర్గం పుట్టింది. క్వీన్స్‌టౌన్, యారోటౌన్, క్లైడ్, లారెన్స్ వంటి ఊళ్లను ఏరి, దండలో పూసల్లా కలిపి ఒక్క స్థానం చేశారు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య కొండలూ నదులూ. పటంలో చూస్తే నియోజకవర్గమంతా చుక్కలే! ఇంజినీరు చార్లెస్ ఓనీల్ దానికి మొదటి సభ్యుడు, చివరి సభ్యుడు కూడా ఆయనే. తర్వాత ఆయన ఉత్తర దీవిలో బంగారం దొరికిన థేమ్స్ పట్నానికి ప్రాతినిధ్యం వహించాడు.

పత్రికాఫీసు నుంచి ప్రధాని పీఠం దాకా

తవ్వకందారులు పంపినవాళ్లలో అందరికన్నా పెద్ద పేరు జూలియస్ వోగెల్‌ది. లండన్‌లో పుట్టిన యూదు కుటుంబీకుడు. విక్టోరియా బంగారు క్షేత్రాల్లో పత్రికలు నడిపాడు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. 1861లో డునెడిన్ వచ్చి, విలియం కటెన్‌తో కలిసి ఆ నవంబరు 15న 'ఒటాగో డైలీ టైమ్స్' మొదలుపెట్టాడు. న్యూజిలాండ్‌లో మొట్టమొదటి దినపత్రిక అదే. బంగారం వార్తలే దానికి ప్రాణం.

1866లో వోగెల్ గోల్డ్‌ఫీల్డ్స్ సభ్యుడయ్యాడు. 1869లో ఆ హోదాలో ఉండగానే దేశ ఆర్థిక మంత్రి అయ్యాడు. 1870 బడ్జెట్టులో సభ నివ్వెరపోయే ప్రణాళిక చదివాడు. అప్పు తెచ్చి రైళ్లు వేద్దాం, రోడ్లు వేద్దాం, బ్రిటన్ నుంచి మనుషుల్ని రప్పిద్దాం అని. పదేళ్లలో కోటి పౌండ్ల ఖర్చు! ఇప్పటి న్యూజిలాండ్ రూపురేఖలు దిద్దింది ఆ ప్రణాళికే అంటారు చరిత్రకారులు. అప్పుల కుప్ప పెట్టాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. 1873లో ఆయన ప్రధాని అయ్యాడు. ఓటరు జాబితా లేని నియోజకవర్గం నుంచి వచ్చిన మనిషి దేశాన్నే నడిపాడన్నమాట.

వోగెల్ గురించి ఇంకో ముచ్చట. 1887లో మహిళలకు ఓటిచ్చే బిల్లును ఆయన సభలో పెట్టాడు. అది వీగిపోయింది. 1889లో 'క్రీ.శ. 2000' అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల రాశాడు. అందులో ఆ ఏడాదికి స్త్రీలు పెద్ద పెద్ద పదవుల్లో ఉంటారని ఊహించాడు. నిజంగా 2000 సంవత్సరం వచ్చేసరికి న్యూజిలాండ్‌లో ప్రధాని హెలెన్ క్లార్క్, ప్రధాన న్యాయమూర్తి షాన్ ఎలియస్... ఇద్దరూ స్త్రీలే!

ఇదే స్థానం నుంచి సభకు వెళ్లిన మరొకరు జేమ్స్ బ్రాడ్‌షా. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లతో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని 1873లో వచ్చిన చట్టం ఆయన చొరవే.

పౌండు కట్టినా ఓటు లేదు

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు.

1865 చివర్లో చైనీయులు ఒటాగోలో దిగడం మొదలైంది. వాళ్లంతట వాళ్లు రాలేదు. తెల్లవాళ్లు వేరే చోట్లకు వెళ్లిపోతుండటంతో వ్యాపారం పడిపోయి, డునెడిన్ వర్తకులే రమ్మని కబురు పెట్టారు. నాలుగేళ్లలో రెండు వేలు దాటారు. ఇతరులు తవ్వి వదిలేసిన కంకరను ఓపికగా మళ్లీ కడిగి బంగారం తీసేవారు. వాళ్లూ తవ్వకందారులే. అదే చలి, అదే నీళ్లు. కానీ ఓటు బ్రిటిష్ ప్రజలకే కాబట్టి వాళ్లకు లేదు. 1881లో వాళ్ల రాక మీద తలకు పది పౌండ్ల పన్ను వేశారు. 1896లో దాన్ని వంద చేశారు. దీనికి న్యూజిలాండ్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2002లో.

ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. బంగారు క్షేత్రాల్లో హోటళ్లు నడిపినవాళ్లు, దుకాణాలు నడిపినవాళ్లు, భర్త పక్కన నిలబడి కంకర కడిగినవాళ్లు ఉన్నారు. ఓటు మాత్రం మగవాడికే.

ఎనిమిదేళ్లకే ముగింపు

1864, 65ల్లో దక్షిణ దీవి పడమటి తీరాన హోకిటికా ప్రాంతంలో కొత్తగా బంగారం పడింది. ఒటాగో గుడారాలు పీకి వేలమంది అటు పరుగెత్తారు. మిగిలినవాళ్లు కుదురుకున్నారు. గుడారం పోయి ఇల్లయింది. పళ్లెం పోయి యంత్రాలొచ్చాయి. ఈ వాగు నుంచి ఆ వాగుకు తిరిగేవాళ్ల కోసం పుట్టిన నియోజకవర్గానికి అలా తిరిగేవాళ్లే కరవయ్యారు.

1870లో నియోజకవర్గాలను తిరిగి గీసినప్పుడు రెండు ప్రత్యేక స్థానాలనూ రద్దు చేశారు. బంగారు క్షేత్రాలు మామూలు నియోజకవర్గాల్లో కలిసిపోయాయి. అదే ఏడాది రహస్య ఓటు చట్టం కూడా వచ్చింది. 1871 ఎన్నికల్లో ఓటరు మొదటిసారి ఎవరికీ వినిపించకుండా ఓటు వేశాడు. గోల్డ్‌ఫీల్డ్స్ ఓటరుకి తన సొంత స్థానంలో ఆ అవకాశం ఒక్కసారి కూడా రాలేదు.

తాత్కాలికం నిలిచింది...

పోతూ పోతూ ఈ నియోజకవర్గం ఒక దారి చూపించి పోయింది.

1860ల్లో ఉత్తర దీవిలో మావోరీలకూ ప్రభుత్వానికీ యుద్ధాలు సాగాయి. మావోరీలు భూమికి అసలు వారసులు. కానీ వాళ్ల భూమి తెగ మొత్తానికి ఉమ్మడిది. 'ఇది నా యాభై పౌండ్ల భూమి' అని ఒక్కొక్కరూ కాగితం చూపించలేరు. దాంతో దేశమంతా తమదైనా ఓటు లేనివాళ్లయ్యారు. వాళ్లకు వేరుగా సీట్లిస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఒక వర్గానికి ప్రత్యేక స్థానాలివ్వడం కొత్తేమీ కాదు, తవ్వకందారులకు ఇప్పటికే ఉన్నాయి కదా అన్న మాట పనికొచ్చింది. దీని వెనుక ప్రాంతాల తూకం కూడా ఉంది. పడమటి తీరపు బంగారు క్షేత్రాలకు సీట్లు పెంచితే దక్షిణానికి బలం పెరుగుతుంది. మావోరీ సీట్లు ఎక్కువగా ఉత్తరాన ఉంటాయి కాబట్టి లెక్క సరిపోతుంది.

1867లో నాలుగు మావోరీ స్థానాలు వచ్చాయి. మూడు ఉత్తరాన, ఒకటి దక్షిణాన. ఇరవై ఒక్కేళ్లు నిండిన ప్రతి మావోరీ పురుషుడికీ ఓటు. ఆస్తి లెక్క లేదు. జనాభాను బట్టి చూస్తే నాలుగు చాలా తక్కువ. ఐదేళ్లకే అని పెట్టారు. తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించారు. 1876లో శాశ్వతం చేశారు. 2023 ఎన్నికల్లోనూ ఏడు మావోరీ స్థానాలున్నాయి. తాత్కాలికమన్నది నూట యాభై ఏళ్లు దాటి నిలిచింది. బంగారం సీటు మాత్రం ఎనిమిదేళ్లకే చరిత్ర పుటల్లోకి వెళ్లిపోయింది.

తవ్వకందారుకు ఆస్తి లేకపోయినా ఓటిస్తే కొంప మునగలేదని దేశం చూసింది. మావోరీకి ఇచ్చినా మునగలేదు. ఇక మిగతా మగవాళ్లను ఆపడానికి కారణమేముంది? 1879లో ఆస్తి షరతు లేకుండా వయోజన పురుషులందరికీ ఓటు వచ్చింది. ఆస్తికొక ఓటు చొప్పున నాలుగు చోట్లా వేసే పద్ధతి 1889లో పోయింది. 1893 సెప్టెంబరు 19న స్త్రీలకూ ఓటు దక్కింది. పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలందరికీ ఓటిచ్చిన తొలి స్వపరిపాలిత దేశం న్యూజిలాండే.

మన పక్క లెక్క

ఇదంతా జరిగిన ఎన్నాళ్లకో, 1919 చట్టం తర్వాత, తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు శాసనమండలిలోనూ ప్రత్యేక స్థానాలు వచ్చాయి. జమీందారులకో వరస, వర్తకులకో వరస, తోటల యజమానులకు, విశ్వవిద్యాలయానికి... అవి కూడా మామూలు నియోజకవర్గాల మీద పరిచిన దుప్పట్లే. అయితే తేడా చూడండి. ఒటాగోలో ప్రత్యేక స్థానం ఏమీ లేనివాడికి దక్కింది. మద్రాసులో అప్పటికే ఉన్నవాడికి మరోటి దక్కింది. కూలివాడికీ కౌలురైతుకీ ఓటు రావడానికి రాజ్యాంగం రావాల్సొచ్చింది. 1951-52 ఎన్నికల్లో ఆస్తి, చదువు, ఆడా మగా తేడా లేకుండా అందరూ ఒకే వరసలో నిలబడ్డారు.

ప్రత్యేక స్థానం మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉంటాయి. గోల్డ్‌ఫీల్డ్స్ కథ చూస్తే, దాన్ని తూచే రాయి ఒకటి దొరుకుతుంది. ఆ స్థానం తలుపు బయట ఉన్నవాడిని లోపలికి తెచ్చిందా, లోపలున్నవాడికే ఇంకో కుర్చీ వేసిందా? ఒటాగో తవ్వకందారు ఒక పౌండు కట్టి లోపలికి వచ్చాడు. పక్క గుంటలో నిలబడి కంకర కడిగిన చైనీయుడు బయటే ఉండిపోయాడు. ఆ నియోజకవర్గం గొప్పతనమూ అదే, కొరతా అదే.

క్లైడ్, క్వీన్స్‌టౌన్, యారోటౌన్... ఇప్పుడవి సందర్శకులతో కళకళలాడే ఊళ్లు. నదిలో పళ్లెం పట్టుకుని సరదాకి బంగారం వెతుకుతారు. అలాంటి పళ్లెం పట్టుకున్నవాళ్లే ఒకప్పుడు ఒక పౌండు కాగితంతో పార్లమెంటు తలుపు తట్టారు.